నోట్సుకు ఐదు గుర్తులు

సీనియర్ల నోట్సు జూనియర్ల చేతికి రావడం హాస్టల్‌లో మామూలే. ఇప్పుడు ఆ నోట్సు సెల్‌ఫోన్లోకి ఎక్కింది. అయితే ఒక యాప్‌లో ముచ్చటగా రాసుకున్నది మరో యాప్‌లోకి పంపితే హెడ్డింగులు, బోల్డ్ అక్షరాలు చెదిరిపోతుంటాయి. ఈ చిక్కును చాలావరకు తగ్గించేదే మార్క్‌డౌన్ పద్ధతి.

దీనిని 2004లో అమెరికాకు చెందిన జాన్ గ్రూబర్ విడుదల చేశారు. ఆరన్ స్వార్ట్జ్ ఆయనకు సహకరించారు. మెనూల్లో వెతక్కుండా కీబోర్డు మీది గుర్తులతోనే హెడ్డింగు, బోల్డ్ పెట్టుకోవడం ఇందులోని సూత్రం. ముఖ్యమైన గుర్తులు ఇవి:

# పెట్టి ఖాళీ వదిలితే హెడ్డింగు. ## అయితే ఉపశీర్షిక.
 ** మాటకు రెండు పక్కలా పెడితే బోల్డ్. గుర్తుకూ మాటకూ మధ్య ఖాళీ ఉండకూడదు.
- పెట్టి ఖాళీ వదిలితే జాబితా. వరుస సంఖ్య కావాలంటే 1. అని మొదలుపెట్టాలి.
> పెడితే ఇతరుల మాటను ఉదహరించినట్టు.
- [ ] పెడితే చేయాల్సిన పని. అయ్యాక లోపల ఇంగ్లీషు ఎక్స్ అక్షరం పెట్టాలి. ఇది తరువాత చేరిన గుర్తు, అన్నిచోట్లా పనిచేయదు.

మన ఊరి పాఠమే చూడండి:

# శారదా నది
## రైవాడ జలాశయం
- దేవరాపల్లి మండలంలో ఉంది
- విశాఖ నగరానికి తాగునీరు ఇస్తుంది
- [ ] పటంలో గుర్తించాలి

గుర్తులు గుర్తులుగానే కనిపించినా ఈ నోట్సు చదవడానికి ఇబ్బంది లేదు కదా! అదే దీని బలం.

ఒక జాగ్రత్త. ఒకే గుర్తుకు అన్నిచోట్లా ఒకే అర్థం ఉండదు. మార్క్‌డౌన్‌లో ఒక్క * పెడితే వాలు అక్షరాలు, వాట్సాప్‌లో అదే బోల్డ్. 2003లో మొదలైన తెలుగు వికీపీడియాలో # అంటే వరుస సంఖ్యల జాబితా. వాలు అక్షరాలకు _ కూడా వాడవచ్చు గానీ, మన భాషలో 'లో', 'కి' వంటివి మాటకు అతుక్కుంటాయి. అలాంటి చోట _ సాధారణంగా పనిచేయదు, * వాడుకోవాలి.

యాప్‌ల సంగతీ తెలుసుకోవాలి. అబ్సిడియన్, జోప్లిన్ నోట్సును మార్క్‌డౌన్‌గానే ఉంచుతాయి. నోషన్‌లో గుర్తు కొట్టగానే మాయమై హెడ్డింగుగా మారుతుంది. బయటికి తీసేటప్పుడు ఎక్స్‌పోర్ట్‌లో మార్క్‌డౌన్ ఎంచుకోవాలి.

పాత డీటీపీ ఫాంట్లలో కొట్టిన తెలుగు, ఆ ఫాంటు లేని కంప్యూటర్లో పిచ్చిగీతల్లా కనిపించేది. యూనికోడ్ తెలుగులో రాసిన మార్క్‌డౌన్ నోట్సుకు ఆ బాధ లేదు. పేజీ నోట్సు కొద్ది కిలోబైట్లే. ఫోటో తీసి పంపితే ఎన్నో రెట్లు డేటా ఖర్చవుతుంది, పైగా అందులో మాట వెతకడం కష్టం.

పూర్వ విద్యార్థులారా! మీ నోటుపుస్తకాల్లో ఒక్కొక్క పాఠమైనా ఇలా టైపు చేసి పంపండి. చెదలు పట్టకముందే అవి తరువాతి బ్యాచ్‌కు అందుతాయి.