కొండపల్లి కోటేశ్వరమ్మగారు

పెదపారుపూడి వారమగు మాకు పామర్రు పరాయి ఊరు కాదు. పనికైనను, చుట్టరికమునకైనను పోయివచ్చు పొరుగూరే. ఆ పామర్రులో 1918వ సంవత్సరమున జన్మించిన కొండపల్లి కోటేశ్వరమ్మగారిని గూర్చి మేము నాలుగు మాటలు చెప్పదలచినాము.

ఊహ తెలియకముందే ఆమెకు పెండ్లి అయినది. అది పెండ్లి అని తెలియకముందే వైధవ్యము ప్రాప్తించినది. బాలవితంతువునకు మరల పసుపు కుంకుమలన్న మాట ఎత్తుటయే సాహసమైన ఆ రోజులలో, ఆమె కొండపల్లి సీతారామయ్యగారిని పునర్వివాహమాడిరి. ఇరువురును కమ్యూనిస్టు పార్టీలో పనిచేసిరి. ఆమె సభలలో పాటలు పాడిరి, నాటకములాడిరి. ఒంటిమీది నగలు పార్టీకిచ్చిరి. తెలంగాణా సాయుధపోరాట దినములలో బిడ్డలను తల్లికప్పగించి అజ్ఞాతవాసము చేసిరి.

కొరియాదేశమున హో జొంగ్ సుక్ అను విప్లవకారిణి ఉండెడివారు. వారు జపాను పాలనపై పోరాడి, 1948లో ఏర్పడిన ఉత్తర కొరియా ప్రభుత్వమున సంస్కృతిశాఖకును, 1957లో న్యాయశాఖకును మంత్రిణి అయిరి. ఉద్యమము గెలిచినచోట స్త్రీకి పదవి దక్కినది. గెలువనిచోట ఏమి దక్కును?

తెలంగాణా పోరాటము 1951లో విరమింపబడినది. పిమ్మట కోటేశ్వరమ్మగారి దాంపత్యము చెదరినది. ముప్పది దాటిన ప్రాయమున ఆమె హైదరాబాదులోని ఆంధ్రమహిళాసభలో చేరి మెట్రిక్ చదివిరి. ఆ సభను 1937లో మద్రాసున స్థాపించిన దుర్గాబాయమ్మగారును ఉప్పు సత్యాగ్రహమున జైలుకు వెళ్ళి, తరువాత ప్రణాళికాసంఘ సభ్యులైనవారే. కోటేశ్వరమ్మగారికి దొరకినది అంతటి పదవి కాదు. కాకినాడ మహిళా పాలిటెక్నిక్ వసతిగృహమున మేట్రన్ ఉద్యోగము. పరుల పిల్లల అన్నపానములు, జ్వరములు, బెంగలు కనిపెట్టుకొని ఉండు కొలువది. చిన్నదే అయినను, ఎవరికిని చేయి చాపకుండ ఆమెను నిలబెట్టిన కొలువు.

కుమారుడు నక్సలైటు ఉద్యమములోనికి వెళ్ళి తిరిగి రాలేదు. డాక్టరైన కుమార్తెయు అకాలమరణము చెందినది. ఇన్నిటిని భరించి, 2012లో, తొంబదియేండ్లు దాటిన వయసున, ఆమె 'నిర్జన వారధి' అను ఆత్మకథను వెలువరించిరి. 2018 సెప్టెంబరు 19న విశాఖపట్టణమున, నూరేండ్లు నిండి కన్నుమూసిరి.

ఉద్యమములను తలచుకొనునపుడు మనము నాయకుల పేర్లు లెక్కపెట్టుదుము. నగలిచ్చిన చేతులను, బిడ్డలను పోగొట్టుకొన్న తల్లులను, ఆ బిడ్డలను సాకిన అమ్మమ్మలను లెక్కలో వేయము. ఆ లెక్క సరిచేయుట పామర్రు పొరుగువారమగు మనకు ముందుగా ధర్మము.