వఱదలో తడిసిన గోడ

తెలుగువారు పెక్కురు కాపురమున్న అమెరికాలోని హ్యూస్టను నగరమును 2017 ఆగస్టులో హార్వీ తుపాను ముంచెను. నీరు తీసినపిమ్మట జనులు ఇండ్లలోని గోడలను పీకి వీథిలో గుట్టలు వేసిరి. తడిసిన గోడ ఎండకు ఆఱునుగదా, పీకనేల యని మీరడుగవచ్చును. అచ్చటి లోపలిగోడ ఇటుకది కాదు. కఱ్ఱకంబములకు బిగించిన జిప్సము పలక. అర అంగుళము మందము, ఇరువైపుల కాగితము. దీపపువత్తి నూనెను పీల్చినట్లు అది నీటిని పైకి పీల్చును. ఒకటి రెండు దినములలోనే బూజు పట్టవచ్చును. నీరు రెండడుగులే నిలిచినను 4 అడుగుల యెత్తువఱకు కోయుట వాడుక; పలక వెడల్పు అంతియే గనుక క్రొత్తది తఱుగులేక యమరును.

పలక వెల స్వల్పమే. పీకుట, అతుకులు పూయుట, నునుపు చేయుట, రంగు వేయుట, వీని కూలియే గృహస్థుని క్రుంగదీయును. కంబములు ఆఱకమునుపే తొందరపడి మూసినచో లోన బూజు పెరిగి ఆ వ్యయమంతయు మరల వచ్చును. సామాన్యమైన యింటి బీమా వఱదకు చెల్లదు. దానికి వేఱు బీమా వలయును. ఆ యేట మునిగినవారిలో అది లేనివారే యెక్కువ.