మరమగ్గం నుంచి మోకాలికి

పల్నాడులో కలుపుతీతలకూ మిరపకోతలకూ వంగి వంగి, యాభై దాటేసరికి మోకాళ్లు పట్టేసిన ఆడవాళ్లు ఊరూరా ఉంటారు. నరసరావుపేటలో ఎముకల డాక్టరు ఎక్స్‌రే చూసి గుజ్జు అరిగిందంటాడు. ఇక చిప్పలు మార్పించాల్సిందే అంటే గుంటూరుకో హైదరాబాదుకో ప్రయాణం. అక్కడ తొడ ఎముక చివరకు కోబాల్ట్-క్రోమియం తొడుగు వేస్తారు. కింది ఎముక మీద లోహపు పలక, దానిపై పాలిథిలిన్ దిమ్మ. అడుగు వేసినప్పుడల్లా లోహం ఆ ప్లాస్టిక్ మీద జారుతుంది. కందెన ఒంట్లో ఊరే కీలు ద్రవమే.

ఈ జంట అంత తేలిగ్గా కుదరలేదు. ఇంగ్లండ్‌లో రైటింగ్‌టన్ ఆసుపత్రి సర్జన్ జాన్ చార్న్లీ 1958 ప్రాంతంలో తుంటి కీలుకు టెఫ్లాన్ ఎంచుకున్నాడు. అంత నున్నగా జారే ప్లాస్టిక్ ఇంకొకటి లేదు మరి! దాదాపు 300 మందికి అమర్చాడు. కొన్నేళ్లకే స్టీలు గుండు టెఫ్లాన్ గిన్నెను తొలిచేసింది. రాలిన పొడి చుట్టూ కండ గడ్డకట్టింది. తప్పు ఆ పొడిదేనా అని తేల్చుకోవడానికి చార్న్లీ దాన్ని తన తొడలోకే ఎక్కించుకున్నాడు. గడ్డలు లేచాయి.

1962లో ఒక సేల్స్‌మన్ లాంకషైర్ మరమగ్గాల పళ్లచక్రాలకు వాడే పాలిథిలిన్ ప్లాస్టిక్ పట్టుకొచ్చాడు. చార్న్లీ గోరు గుచ్చి చూసి, పనికిరాదని వెళ్లిపోయాడు. ఆయన ఊళ్లో లేనప్పుడు సహాయకుడు హ్యారీ క్రేవెన్ దాన్ని అరుగుదల యంత్రానికి ఎక్కించాడు. టెఫ్లాన్ ఒక్క రోజులో అరిగినంత కూడా అది మూడు వారాల్లో అరగలేదు. ఆ నవంబరుకే రోగులకు అమర్చడం మొదలైంది. పత్తి నేత యంత్రాల ప్లాస్టిక్ ఇప్పుడు పత్తి తీసేవాళ్ల మోకాళ్లలోకి చేరడం తమాషాయే.

టెఫ్లాన్ అణుగొలుసులు నునుపు. ఒకదాన్నొకటి పట్టుకోవు, అందుకే జారతాయి, అందుకే పొరలుగా ఊడతాయి కూడా. పాలిథిలిన్ అంత జారదు గానీ, దాని పొడవాటి గొలుసులు చిక్కుపడ్డ నూలు కండెలా పెనవేసుకుని ఉంటాయి. తుంటిలో ఏటా అరిగేది మిల్లీమీటరులో పదో వంతు. అదీ తక్కువేం కాదు. కంటికానని ఆ రేణువుల్ని రక్షక కణాలు మింగుతాయి, అరిగించుకోలేవు. అవి రేపే వాపుకు చుట్టూ ఎముక కరిగి కీలు వదులవుతుంది. 1990ల చివర్లో రేడియేషన్‌తో గొలుసులకు అడ్డముళ్లు వేశాక అరుగుదల బాగా తగ్గింది.

మోకాలికి ఈ జంటను 1968లో రైటింగ్‌టన్‌లోనే ఫ్రాంక్ గన్‌స్టన్ అమర్చాడు. కుర్చీల్లో కూర్చునే దేశం కీలు అది. గొంతుక్కూర్చుంటే బరువంతా ప్లాస్టిక్ వెనక అంచున, ఇరుకు చోట పడుతుంది. చిప్పలు మార్పించుకున్న అమ్మల్ని డాక్టర్లు కలుపుకు పోవద్దనేది అందుకే.