మీకు తెలుసా? అట్టగొట్టాల గుడారం

1994లో రువాండా మారణహోమంతో నిలువ నీడ లేకుండా పోయిన శరణార్థులకు ఐక్యరాజ్యసమితి ప్లాస్టిక్ పట్టాలు, అల్యూమినియం రాటలు ఇచ్చింది. పూట గడవని మనుషులు రాటలు అమ్ముకుని, గుడారాల కోసం చెట్లు కొట్టారు. వాళ్లను తప్పుపట్టలేం. కానీ అడవులు తరిగిపోయాయి.

జపాన్ ఆర్కిటెక్ట్ షిగెరు బాన్ చూపిన దారి అట్టగొట్టాలు. బట్టల దుకాణంలో గుడ్డ తాను చుట్టి ఉండే గొట్టాల్లాంటివే. గొట్టాల కొసలను ప్లాస్టిక్ జాయింట్లలో దూర్చితే రాటలు, వాసాలు ఒక్కటవుతాయి. పైన పట్టా కప్పడమే! అట్ట కాబట్టి అమ్మినా పెద్దగా ధర పలకదు. ఈ ఆలోచనలో గొప్పతనమంతా అక్కడే ఉంది. 1999లో రువాండాలోని బ్యుంబా శిబిరంలో ఇలాంటివి 50 వేసి చూశారు. 2001 గుజరాత్ భూకంపం తర్వాత మన భుజ్‌లోనూ బాన్ అట్టగొట్టాలతో ఇల్లు కట్టారు.