కాక్‌పిట్‌లో అధికార అంతరం: కెప్టెన్, ఫస్ట్ ఆఫీసర్ల మధ్య విభేదాల నిర్వహణ

ఉపోద్ఘాతం

విమానంలో తుది నిర్ణయాధికారం కెప్టెన్‌ది. అతని నిర్ణయాన్ని గమనిస్తూ, పొరపాటును వెంటనే ఎత్తిచూపడం ఫస్ట్ ఆఫీసర్ విధి. ఈ రెండు బాధ్యతలూ ఒకదానికొకటి పూరకాలు. అయితే వయసు, అనుభవం, స్వభావాల్లోని తేడాలు వాటి మధ్య ఘర్షణకు దారితీయవచ్చు. ఆ ఘర్షణను ఎలా నిర్వహించాలో ఈ వ్యాసం పరిశీలిస్తుంది. అనంతపురం పీఠభూమి మీదుగా సాగే రైలుమార్గాల్లోని ఇద్దరు సిబ్బంది పని విధానాన్ని ఇందుకు పోలికగా తీసుకుంటుంది.

అధికార ప్రవణత

ఇద్దరి మధ్య ఉండే అధికార వ్యత్యాసాన్ని విమానయాన శాస్త్రం ‘అధికార ప్రవణత’ అంటుంది. ఇది మరీ ఎక్కువైతే చిన్నవాడు నోరు మెదపడు. మరీ తక్కువైతే నిర్ణయం ఎవరిదో తేలదు. 1977 మార్చి 27న టెనెరిఫేలో రెండు విమానాలు ఢీకొని 583 మంది మరణించారు. రన్‌వే ఖాళీ అయిందా అన్న ఫ్లైట్ ఇంజనీరు సందేహాన్ని కెప్టెన్ తోసిపుచ్చాడు. ఇటువంటి ప్రమాదాల నేపథ్యంలోనే 1979లో నాసా నిర్వహించిన సదస్సు నుంచి సిబ్బంది వనరుల నిర్వహణ శిక్షణ రూపుదిద్దుకొంది.

రెండు ఉదాహరణలు

2010 మే 22న దుబాయి నుంచి మంగళూరుకు వచ్చిన విమానం రన్‌వే దాటి లోయలో పడింది. అందులోని 166 మందిలో 158 మంది మరణించారు. దిగవద్దని, మళ్లీ పైకి లేవాలని ఫస్ట్ ఆఫీసర్ మూడుసార్లు చెప్పినా కెప్టెన్ ఆగలేదని విచారణ నివేదిక నిర్ధారించింది. కో-పైలట్ స్వయంగా విమానాన్ని పైకి లేపే అధికారంపై నిబంధనల్లో ఉన్న అస్పష్టత వల్లే బహుశా అతడు నియంత్రణ చేపట్టలేదని కూడా అది పేర్కొంది. అంటే అతనికి మాట ఉంది, ఆ మాటను చేతగా మార్చే స్పష్టమైన అనుమతి లేదు.

2009 సెప్టెంబర్ 2న ముఖ్యమంత్రి వై.ఎస్. రాజశేఖరరెడ్డి ప్రయాణిస్తున్న బెల్ 430 హెలికాప్టర్ నల్లమలలో కూలి ఐదుగురూ మరణించారు. తీవ్రమైన అధోవాయు ప్రవాహంలో చిక్కుకోవడం ప్రమాదానికి కారణమని, ట్రాన్స్‌మిషన్ ఆయిల్ వ్యవస్థలో తలెత్తిన సమస్యపైనే సిబ్బంది నిమగ్నమయ్యారని విచారణలో తేలింది. ఇది వైరం కథ కాదు. ఇద్దరూ ఒకే సమస్యలో మునిగినప్పుడు విమానగమనాన్ని ఎవరు చూడాలన్న ప్రశ్న ఇక్కడ ముందుకొస్తుంది. కాబట్టి సఖ్యత ఒక్కటే భద్రత కాదు. పని విభజన కూడా అవసరం.

అనంతపురం మార్గంలో పోలిక

గుంతకల్లు, ధర్మవరం జంక్షన్ల మీదుగా నడిచే రైలింజన్లలోనూ లోకో పైలట్, అసిస్టెంట్ లోకో పైలట్ అనే ఇద్దరుంటారు. ప్రతి సిగ్నల్ స్థితినీ ఇద్దరూ ఒకరికొకరు బిగ్గరగా చెప్పుకోవాలన్నది నియమం. అవసరమైతే అసిస్టెంట్ అత్యవసర బ్రేకు వేయవచ్చు. 2012 మే 22 తెల్లవారుజామున, అప్పటి అనంతపురం జిల్లాలోని పెనుకొండ స్టేషన్‌లో హంపి ఎక్స్‌ప్రెస్ ఎర్ర సిగ్నల్ దాటి, ఆగి ఉన్న గూడ్సు రైలును ఢీకొంది. 20 మందికి పైగా ప్రయాణికులు మరణించారు. రెండో వ్యక్తి చూపు, గొంతు, చేయి మూడూ సకాలంలో పనిచేయడం ఎంత అవసరమో ఇటువంటి ప్రమాదాలు గుర్తుచేస్తాయి.

భాష, మర్యాద

తెలుగులో పెద్దవారిని తప్పుపట్టేటప్పుడు మాట సహజంగా ప్రశ్నగా మారుతుంది. “సార్, సిగ్నల్ చూశారా?” అన్నది మర్యాదే గాని హెచ్చరిక కాదు. “సార్, ఎర్ర సిగ్నల్. ఆపండి” అన్నప్పుడు గౌరవ వాచకం నిలుస్తుంది, సందేశమూ తెగువగా అందుతుంది. కాక్‌పిట్‌లో ఆంగ్ల పదబంధాలు వాడినా, మాటను మెత్తబరిచే ఈ అలవాటు వెంట వస్తుంది.

నిర్వహణ పద్ధతులు

1. ప్రయాణానికి ముందే, తన పొరపాటు కనిపిస్తే వెంటనే చెప్పమని కెప్టెన్ స్వయంగా కోరాలి. తలుపు తెరవాల్సింది అధికారం ఉన్నవాడే.

2. ఫస్ట్ ఆఫీసర్ మెట్టుమెట్టుగా సాగాలి: కనిపించిన వాస్తవం, దానిపై ఆందోళన, ప్రత్యామ్నాయం, చివరకు నియంత్రణ చేపట్టడం. ఏ పరిస్థితిలో చివరి మెట్టు ఎక్కవచ్చో సంస్థ నిబంధనల్లో స్పష్టంగా ఉండాలి.

3. స్వభావ విభేదాలను గాలిలో తేల్చుకోకూడదు. నేల దిగాక ఇద్దరూ మాట్లాడుకోవాలి. కుదరకపోతే శిక్షణాధికారి దృష్టికి తీసుకువెళ్లాలి. జంటను మార్చమని కోరడం పిరికితనం కాదు.

4. 10,000 అడుగుల లోపు విమాన నిర్వహణకు సంబంధం లేని సంభాషణ ఉండరాదన్న నియమాన్ని కచ్చితంగా పాటిస్తే, కీలక సమయంలో వ్యక్తిగత వాదాలకు చోటుండదు.

ముగింపు

ఒకరినొకరు ఇష్టపడని ఇద్దరు కూడా విమానాన్ని క్షేమంగా దించగలరు. అందుకు కావలసింది స్నేహం కన్నా ముందు స్పష్టమైన పని విభజన, అడ్డుచెప్పే మాటకు రక్షణ, ఆ మాట చెల్లనప్పుడు చేయి కదిపే అధికారం. మంగళూరు నివేదిక గుర్తించిన అస్పష్టత సిబ్బంది శిక్షణలో మొదట తొలగించవలసిన లోపం.