ఇంటికి కంప్యూటరు: ఏది కొనదగినది?

ఎద్దును కొనునపుడు పళ్ళు చూచి, నాలుగడుగులు నడిపించి, కాడి వేసి చూచిన పిమ్మటగాని మీరు సొమ్ము చెల్లింపరు. కాని కళాశాలలో చేరిన మనుమరాలికి కంప్యూటరు కావలసి వచ్చినపుడు, పంట అమ్మిన రొక్కముతో పట్టణమునకు పోయి, దుకాణదారు చూపినదానినే తెచ్చుకొనుచున్నాము. అది పనికి రానిచో సొమ్మును పోవును, పిల్ల చదువును కుంటుపడును. కావున వీని మంచిచెడ్డలను కొంత విచారింతము.

1981వ సంవత్సరమున అమెరికాలో ఐ.బి.యం. వారు తమ వ్యక్తిగత కంప్యూటరును వెలువరించిరి. బల్లమీద నిలుకడగా నుండు యంత్రమది. ఆ యేడే ఆస్‌బర్న్ 1 అను మరియొక యంత్రము, వెంట తీసికొనిపోదగినదని చెప్పబడి, అమ్మకమునకు వచ్చెను. దాని బరువు సుమారు 11 కిలోలు! నేడు ఒకటిన్నర కిలోల ల్యాప్‌టాపులు దొరకుచున్నవి. అయినను నాటి ప్రశ్నయే నేటికిని మిగిలియున్నది: ఇంట నుండునది కావలెనా, వెంట వచ్చునది కావలెనా?

డెస్కుటాపునందు పెట్టె, తెర, కీబోర్డు, మౌసు వేరువేరుగా నుండును. ఏది చెడిన దానినే మార్చుకొనవచ్చును. అంతే వెల పెట్టిన ల్యాప్‌టాపుకంటె దీనికి సాధారణముగా శక్తి యెక్కువ. పెద్ద తెర వృద్ధుల కన్నులకు సుఖము. కాని కరెంటు పోయిన తక్షణము ఇది ఆరిపోవును. అంతవరకు భద్రపరచని వ్రాత దక్కదు. అందువలన యు.పి.యస్. కూడ కొనవలెను. అదియును పని ముగించుకొనుటకు కొన్ని నిమిషముల వ్యవధి నిచ్చునేగాని పూటంతయు నడపదు.

ల్యాప్‌టాపునకు తన బ్యాటరీ తనకు కలదు. కరెంటు లేకున్నను కొన్ని గంటలు పనిచేయును; హాస్టలునకు సంచిలో పెట్టుకొని పోవచ్చును. అయితే తెర పగిలినచో మరమ్మతు ఖర్చు హెచ్చు. పెక్కింటిలో ర్యాము లోపలనే అతుకబడి యుండుటచే పిదప పెంచుటకు వీలు పడదు. బ్యాటరీయు కొన్ని యేండ్లకు క్షీణించును.

ట్యాబ్లెట్టు చదువుటకు, చూచుటకు, దూరముననున్న బిడ్డలతో మాటలాడుటకు మంచిది. దీర్ఘమైన వ్రాతకును, ప్రోగ్రాములు వ్రాయుటకును అంతగా ఒదుగదు. ఇక ఆంధ్రప్రదేశ్‌లో మీభూమి యందు అడంగలు చూచుకొనుటకే యైనచో చేతనున్న ఫోనే చాలును. అందులకై వేరొక యంత్రము వలదు.

ఏ రకము కొన్నను రెండు సంగతులు అడుగుడు. మొదటిది, ర్యాము 8 జీబీకి తక్కువ కాకుండుట మేలు. రెండవది, సమాచారము దాచు భాగము ఎస్.ఎస్.డి.యై యుండవలెను. పాత హార్డుడిస్కులో పళ్ళెములు తిరుగుచుండును. దీనిలో కదలు భాగములు లేవు. కనుక వేగము హెచ్చు, కుదుపులకు చెడు భయము తక్కువ.

చవుకగా వచ్చు పాత యంత్రముల విషయమున మరింత జాగ్రత్త వలయును. విండోస్ 10కు మైక్రోసాఫ్టువారు 2025 అక్టోబరు 14తో సాధారణ సహాయమును నిలిపివేసిరి. విండోస్ 11 పెక్కు పాత యంత్రములపై నడువదు. కొనుటకు ముందే ఈ మాట అడిగి తెలిసికొనుడు. ఇదివరకే అట్టి యంత్రము ఇంట నున్నచో పారవేయ నక్కరలేదు. వెల లేని లైనక్సును అందు వేయించి చిన్న పనులకు వాడుకొనవచ్చును.

ఇంటిల్లిపాది ఒకచోటనే వాడుకొను పక్షమున డెస్కుటాపు లాభకరము. చదువునకై ఊరు విడుచు బిడ్డకు ల్యాప్‌టాపే తగినది; ఎంత చవుకైనను పెద్ద పెట్టె ఆమె వెంట పోజాలదు గదా! దుకాణమున అడుగిడుటకు మునుపే ఆ బిడ్డను కూర్చుండబెట్టుకొని, కళాశాలవారు ఏ పనులు చేయింతురో, ఏ యంత్రము కోరుచున్నారో అడుగుడు. వెల నిర్ణయించుట పెద్దల పని; అవసరము చెప్పుట ఆమె పని. ఈ రెండును కుదిరిన బేరమే మంచి బేరము.