పాలు కారితే గంధరాజం కాదు

పూజకు పూలుంటాయని డాలస్ వైపు మనవాళ్లు నర్సరీలో తెల్లపూల మొక్క కొంటారు. తీరా చూస్తే ఒక్కోసారి అది నందివర్ధనం. అదీ పూజకు పనికొచ్చేదే కానీ మనం కోరుకున్న వాసన రాదు. చిన్న ఆకు తుంచితే తెలిసిపోతుంది: నందివర్ధనానికి పాలు కారతాయి, గంధరాజానికి కారవు.

చీటీ మీద 'గార్డీనియా రాడికన్స్' అని ఉంటే నేలబారు రకం. ఎత్తు రెండడుగులు మించదు, అటూ ఇటూ మూడు నాలుగడుగులు పాకుతుంది. ఆకులు చిన్నవి, నిగనిగలాడతాయి. పూలు తెల్లగా విచ్చి, తర్వాత పసుపు తిరుగుతాయి. మొక్క చైనా, జపాన్‌ల వైపుది. పేరు మాత్రం 18వ శతాబ్దంలో సౌత్ కరోలినాలోని చార్ల్స్‌టన్‌లో వైద్యం చేసిన అలెగ్జాండర్ గార్డెన్‌ది.

డాలస్ నల్లమట్టిలో సున్నం ఎక్కువ. అందులో నాటితే ఇనుము అందక, ఈనెలు పచ్చగా ఉండి మిగతా ఆకు పసుపెక్కుతుంది. నీళ్లు చాలలేదేమోనని ఇంకా పోస్తే వేరు కుళ్లుతుంది. అందుకే మేం కుండీయే మేలంటాం. అజేలియాలకు అమ్మే పుల్లమట్టి, ఆ ఎరువే దీనికీ సరిపోతాయి. పొద్దుటి ఎండ, మధ్యాహ్నం నీడ ఉండాలి. మొగ్గ తొడిగాక కుండీని జరపొద్దు, మట్టి ఎండనివ్వొద్దు, మొగ్గలు రాలిపోతాయి. గడ్డకట్టే రాత్రుల్లో లోపల పెట్టండి. లీజు అయిపోయి ఇల్లు మారినా మొక్క మీ వెంటే వస్తుంది.

ఎవరింట్లోనైనా ఉంటే అసలు కొననక్కర్లేదు. వేసవి మొదట్లో నాలుగంగుళాల లేత కొమ్మ అడిగి తెచ్చి, తడి ఇసుకలో గుచ్చి ప్లాస్టిక్ కవరు కప్పండి.